రుచి మనది, తీర్పెవరిది?

తెలుగు సాహిత్య విమర్శ వాడే మాటల్లో చాలావాటికి మూలం వంటిల్లే. రసం, పాకం, రుచి, ఆస్వాదన. నచ్చిన పద్యాన్ని నెమరు వేసుకుంటాం. నచ్చని కవితని చప్పగా ఉందంటాం. కథకి కాస్త ఉప్పూకారం తగలాలంటాం. ఇంతగా నాలుకని నమ్ముకున్న విమర్శ, ఆ నాలుక ఎవరిదని మాత్రం చాలాకాలం అడగలేదు.

పాకాల సంగతే తీసుకుందాం. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు ద్రాక్షాపాకం, నారికేళపాకం అని రెండు చెప్పాడు. మనవాళ్లు మధ్యలో కదళీపాకాన్ని చేర్చుకున్నారు. ద్రాక్ష నోట్లో పడగానే రసం ఊరుతుంది. అరటిపండుకి తొక్క ఒలవాలి. కొబ్బరికాయకి పీచు తీసి, పగలగొట్టి, చిప్పలోంచి కొబ్బరి తియ్యాలి. కవిత్వం అర్థమయ్యే తీరుని ఇలా మూడు పళ్లతో పోల్చి పిల్లలకి చెబుతాం. విశ్వనాథది నారికేళపాకం అని ఉదాహరణ కూడా ఇస్తాం. ఈ పోలికలో పాఠకుడు పండు తినేవాడు. కొబ్బరి ఎవరు కోరారు, ద్రాక్షగుత్తి ఎవరు కోశారు అన్నది అలంకారశాస్త్రానికి అవసరం లేని విషయం.

మడి వంట తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. నైవేద్యం అయ్యేదాకా వండినావిడ ఉప్పు కూడా చూడకూడదు. చూస్తే ఎంగిలి. కాబట్టి పులుసు మరిగే చప్పుడుని బట్టి, పోపు వాసనని బట్టి, చేతి కొలతని బట్టి ఆమె అంతా పోల్చుకోవాలి. మడి లేని ఇళ్లలో అరచేతిలో చుక్క వేసుకుని చూస్తుంది, తక్కువైతే సరిచేస్తుంది. కానీ బాగుందో లేదో చెప్పే మాట ఆమెది కాదు. అది పీటమీద కూర్చున్నాయన నోటినుంచి రావాలి. "ఇవాళ చారు కాస్త..." అని ఆయన సగంలో ఆపేస్తాడు. ఆ సగం వాక్యానికి ఆమె సాయంత్రం వరకూ అర్థాలు వెతుక్కుంటుంది. రుచి తెలిసిన మనిషి ఒకరు, తీర్పు చెప్పే మనిషి ఇంకొకరు. మన విమర్శకి పునాదిలో ఉన్న విభజన ఇదేనని నా వాదన.

పాత కావ్యాల్లో స్నేహితులు సరదాగా కాలం గడిపే కథలు లేకపోలేదు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లులో రోజంతా తిరుగుతారు. పూటకూళ్లింట్లో భోంచేస్తారు, కోడిపందేలు చూస్తారు, ఆటపాటలు చూస్తారు. దారిలో కనిపించిన స్త్రీలని ఒకరితో ఒకరిని పోలుస్తూ వర్ణించుకుంటారు. ఆ రోజుల సాంఘిక చరిత్రకి ఇది గొప్ప ఆధారం అంటారు, నిజమే. కానీ ఆ ఊళ్లో ఇద్దరు స్నేహితురాళ్లు అలా ఒక రోజంతా తిరిగి, తిన్నదాన్నీ చూసినదాన్నీ పోల్చుకుని నవ్వుకున్నారా అని అడిగితే జవాబిచ్చే కావ్యం లేదు. పోల్చే చూపు వాళ్లది, పోలికకి నిలబడే ఒళ్లు మనది. పెళ్లిచూపుల్లో రంగు, జడ, నడక, గొంతు చూసి "పర్వాలేదు" అనే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

మధువు గురించి మనకున్న ప్రసిద్ధ కావ్యం దువ్వూరి రామిరెడ్డి పానశాల. ఉమర్ ఖయ్యాం రుబాయీలకి తెలుగు. పారశీక భాషలో సర్వనామాలకి లింగభేదం లేదు. అక్కడి సాకీ ఎవరైనా కావచ్చు. మన ఊహలోకి వచ్చేసరికి సాకీ అంటే ఆడదే. పాత్ర ఆమె చేతిలో, మధువు ఆమె చేతిలో, కైపు మాత్రం కవికి. ఒంపినావిడ తను కూడా ఒక గుక్క తాగి "ఇది పోయినేడాది దానంత బాగోలేదు" అని ఉంటే ఆ కావ్యం ఎలా నడిచేది?

రామిరెడ్డిగారిది నెల్లూరు ప్రాంతం. అదే నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. 1992లో అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. ఆ గెలుపు "ఆడవాళ్లు ఏకమైతే" అన్న పాఠమై, మిగిలిన ఊళ్ల రాత్రిబడులకి వెళ్లింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. పానశాల రాసిన నేలమీదే పానశాలని మూయించిన ఉద్యమం పుట్టింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప తెలుగులో మద్యం గురించిన సాహిత్యం పూర్తిగా అర్థం కాదు.

అంతకుముందు 1980లలో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా సరఫరా చేసిన పథకానికి వారుణి వాహిని అని పేరు పెట్టింది. వారుణి అంటే మద్యానికి అధిదేవత, స్త్రీ. ఆడవాళ్ల సంసారాల్ని ముంచే ప్రవాహానికి ఆడపేరు పెట్టడంలో ఎవరికీ ఏమీ ఎబ్బెట్టు అనిపించలేదు. సినిమాల్లోనూ ఇదే వరస. 1953 దేవదాసులో దేవదాసు తాగి తాగి అమరప్రేమికుడయ్యాడు. ఆ సినిమాలో పార్వతిగా వేసిన సావిత్రి 1981లో చనిపోయాక, ఆమె తాగుడు మాత్రం ఆడపిల్లలకి చెప్పే హెచ్చరికగా మిగిలింది. 2018లో వచ్చిన మహానటి ఎంతో సానుభూతితో తీసిన సినిమా. అయినా అందులోనూ గ్లాసు ఆమె పతనానికే గుర్తు. ఒకే అలవాటు అతనికి కవిత్వం, ఆమెకి నీతికథ.

ఇలాంటి వారసత్వం ఉన్న మనం మద్యం రుచి గురించి మాట్లాడొచ్చా? స్త్రీవాదులుగా మన చరిత్రలో సారా ఉద్యమం ఎంత గర్వకారణమో తెలిసినవాళ్లకి ఈ ప్రశ్న మామూలుది కాదు. నాలుగు గోడల మధ్య నలుగురు ఆడవాళ్లు వైన్ తాగడం విముక్తి అని చెప్పే వ్యాసం కాదిది. రుచి చూడడం, పోల్చడం, తీర్పు చెప్పడం అనే మూడు పనుల్ని ఆడవాళ్లు చేసినప్పుడు ఏం జరుగుతుంది, దాని నుంచి మన సాహిత్య విమర్శ ఏం నేర్చుకోవచ్చు అన్నదే నాకు కావలసింది.

నేనుండే నాగోల్‌లో "వైన్స్" అన్న బోర్డులకి కొదవ లేదు. వాటిల్లో వైన్ దాదాపుగా దొరకదు. విస్కీ, బీరు, పక్కన పర్మిట్ రూమ్, ముందు మగవాళ్ల గుంపు. 2017లో మెట్రో రైలు వచ్చాక రాత్రి తొమ్మిదింటికి కూడా స్టేషన్ నుంచి ఆడపిల్లలు ధైర్యంగా నడిచొస్తున్నారు, కానీ ఆ బోర్డు దగ్గరకి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోతారు. ఒక పరాయి మాట మన ఊళ్లోకొచ్చి తన అసలు అర్థాన్ని వదులుకుని "ఆడవాళ్లు ఆగకూడని చోటు" అన్న అర్థం తెచ్చుకుంది.

తమాషా ఏమిటంటే ఈ ప్రాంతానికి ద్రాక్ష కొత్త కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు విరివిగా ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన ఈ రకాన్ని ఇక్కడ పెంచారని చెబుతారు. లేత పసుపుపచ్చగా, కోలగా, గింజలతో ఉండే పెద్ద పండు. తర్వాత తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ కూడా 2022 నాటికి బాటసింగారం వైపు వెళ్లిపోయింది. మా వీధిలో ఆకుకూరలమ్మే పెద్దావిడ పెళ్లికి ముందు అంగూరు తోటలో కూలికి వెళ్లేదట. "మందు కొట్టినంక కొమ్మలు ముట్టుకుంటే చేతులు నీలమయ్యేటియమ్మా" అంది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే మందు గురించి ఆమె చెబుతోంది. "మరి పండ్లెట్లుండేవి?" అనడిగాను. "ఏమో, కోసేటప్పుడు నోట్లేస్కుంటే మేస్త్రీ కూలి కోస్తడు. రాలినయి తినేటోళ్లం" అంది. ద్రాక్షాపాకం గురించి నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికంటే ఈ రెండు మాటలు నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి.

పోయిన ఫిబ్రవరిలో ఒక శనాదివారాలు చూసుకుని మేం అయిదుగురం స్నేహితురాళ్లం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ వెళ్లాం. తెల్ల వైన్లు రుచి చూసి పోల్చుకోవాలన్నది ఉద్దేశం. ఒకామె జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఒకామె నల్గొండ వైపు గౌడ కుటుంబం నుంచి వచ్చిన కవయిత్రి. ఒకామె బ్యాంకులో రిటైరైంది, గుంటూరు బ్రాహ్మణ కుటుంబం. నాలుగో ఆమెది నెల్లూరు, అక్షరాస్యత ఉద్యమంలో కార్యకర్తగా ఊళ్లు తిరిగింది. "నేను తాగను. కానీ వస్తా, చూస్తా" అంది. అయిదోదాన్ని నేను. బసలో రిజిస్టరు రాసే అబ్బాయి "మీతో జెంట్స్ ఎవరూ రాలేదా?" అని రెండుసార్లు అడిగాడు. "వస్తే వంట చేయించేవాళ్లం" అంది బ్యాంకు అక్క.

గంగాపూర్ జలాశయం దగ్గరున్న తోటల్లో అప్పుడు కోతలు సాగుతున్నాయి. ఆ నీళ్లు గోదావరివి. మనకి రాజమండ్రి దగ్గర సముద్రంలా కనిపించే నది అక్కడ చిన్నపిల్లలా ఉంది. కోస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వైనరీలో రుచి చూపించే హాల్లో మాత్రం గ్లాసు పట్టుకుని వివరించేవాళ్లందరూ కుర్రాళ్లు. నాసిక్‌లో ఈ వ్యాపారం ఊపందుకున్నది సూలా 1999లో మొదలయ్యాకే. 2000లో వాళ్లు సోవిన్యోఁ బ్లాఁ, షెనిన్ బ్లాఁ అనే రెండు తెల్ల వైన్లు బయటికి తెచ్చారు. తర్వాతి ఏడాదే మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించింది. తెల్ల వైన్ చెయ్యాలంటే ద్రాక్ష పిండిన వెంటనే తొక్క వేరు చేసేసి రసాన్ని ఒక్కదాన్నే చల్లగా పులియబెడతారు. రంగంతా తొక్కలోనే ఉంటుంది కాబట్టి నల్లద్రాక్ష నుంచి కూడా తెల్ల వైన్ తియ్యొచ్చు. ఎరుపుకి తొక్కతో కలిపి పులియబెడతారు. ముందు రంగు చూడాలి, గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పాలి, పక్కనున్న పాత్రలో ఉమ్మెయ్యాలి. ఎంగిలి అన్న మాటతో పెరిగినవాళ్లకి నలుగురిలో నిలబడి ఉమ్మడం ఎంత కష్టమో ఊహించండి. కవయిత్రి ఒక్కతే ఏ ఇబ్బందీ పడకుండా ఉమ్మింది.

ఆ అబ్బాయి మాకిచ్చిన కాగితంలో గూస్‌బెర్రీ, పీచ్, పాషన్ ఫ్రూట్ అని రాసుంది. గూస్‌బెర్రీ మేమెవరం తినలేదు. తిననిపండు వాసన గుర్తుపట్టలేదని మనల్ని మనమే తక్కువ చేసుకోవడం మన విశ్వవిద్యాలయాల్లో కూడా చూస్తున్నదే. బయట పుట్టిన కొలతని ముందు పెట్టుకుని, మన కథలో అది కనబడకపోతే కథదే లోపమనుకుంటాం.

అందుకని నాలుగు సీసాలు కొనుక్కుని బసకి తెచ్చుకున్నాం. కెమిస్ట్రీ టీచరు పద్ధతి పెట్టింది. సీసాలకి న్యూస్‌పేపరు చుట్టి 1, 2, 3, 4 అని రాసింది. "ఎవరూ మాట్లాడొద్దు. ముందు రాయండి, తర్వాత చదువుదాం. ఒకళ్లు నోరు తెరిస్తే మిగతా నాలుకలన్నీ అటే పోతాయి" అంది. పెద్దవాళ్ల ఇంట్లో పనిచేసే సూత్రం కూడా ఇదే కదా. మొదట మాట్లాడిన మగాడి అభిప్రాయమే అందరి అభిప్రాయం అవుతుంది.

మొదటిదానికి నేను "వేసవిలో మామిడికాయలు తరిగాక కత్తిపీట వాసన" అని రాశాను. కెమిస్ట్రీ టీచరు "గింజలు తీసిన క్యాప్సికం" అని రాసింది. కాగితం విప్పితే సోవిన్యోఁ బ్లాఁ. క్యాప్సికంలో ఉండే మిథాక్సీపైరజీన్లు ఈ ద్రాక్షలోనూ ఉంటాయని ఆమె వివరించింది. రెండోది షెనిన్ బ్లాఁ, కాస్త తీపి, జామపండు వాసన. కవయిత్రి దాన్ని రెండుసార్లు తాగి చూసి, "అక్కా, గిది మా అమ్మమ్మ పొద్దుగాల తెచ్చే ఈత కల్లు లెక్కనే ఉన్నది. గని దాంట్ల ఉండే జీవం లేదు" అంది. తరవాత ఆపకుండా చెప్పింది. ఈతకీ తాటికీ తేడా. పోతుతాటికీ పండుతాటికీ తేడా. పొద్దున దించినది తియ్యగా, మధ్యాహ్నానికి పులుపెక్కి, సాయంత్రానికి నాలుక మీద కొరుకుతుంది. లొట్టిలో తాగితే ఒక రుచి, తాటాకు రేకలో తాగితే ఇంకో రుచి. వాళ్లమ్మమ్మ ఒక్క గుక్కతో ఏ చెట్టుదో చెప్పేదట. మేం వినడం మొదలెట్టాక గ్లాసులు పక్కన పెట్టేశాం.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. తెలుగులో మద్యం రుచి గురించి ఆడవాళ్లకి భాష లేదనడం సగం నిజమే. అగ్రకుల మధ్యతరగతి ఆడవాళ్లకి లేదు. తెలంగాణ పల్లెల్లో బహుజన స్త్రీలు పండగకీ పబ్బానికీ, పొలం నుంచి వచ్చాకా కల్లు తాగారు, అమ్మారు, మంచిచెడ్డలు చెప్పారు. ఆ మాటలు నిఘంటువుల్లోకి వచ్చినా విమర్శలోకి రాలేదు. కల్లు తాగే ఆడది మొరటుది, వైన్ తాగే ఆడది ఆధునికురాలు అన్న తేడాలో కులం ఎంతుందో, డబ్బెంతుందో చూడకుండా స్త్రీల ఆనందం గురించి సిద్ధాంతాలు చేస్తే అవి నాలుగు రోజులు కూడా నిలవవు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు మనుషుల ప్రాణాలు తీసింది. పేదవాళ్ల పానీయంలో కల్తీని పట్టుకునే నాలుక ఒకప్పుడు ఆ అమ్మమ్మకి ఉండేది. ఆ జ్ఞానాన్ని జ్ఞానమని మనం ఎన్నడూ అనలేదు.

మూడోదానికి బ్యాంకు అక్క "పెళ్లింట్లో మధ్యాహ్నానికి వాడిన సంపెంగ" అని రాసింది. అది వియోన్యే. అంతకంటే మంచి వర్ణన ఆ కాగితంలో లేదని అందరం ఒప్పుకున్నాం.

నాలుగోదాన్ని గ్లాసులో పోసి కాసేపు ఉంచాక కెమిస్ట్రీ టీచరు నవ్వుతూ ఏదో రాసుకుంది. చదివే సమయం వచ్చినప్పుడు "నిమ్మతొక్క, ఆ వెనకాల కిరసనాయిలు" అంది. విప్పితే రీస్లింగ్. ఆమె సరిగ్గా పట్టుకుంది. ఎండ బాగా తగిలిన గుత్తుల్లో టీడీఎన్ అనే పదార్థం ఎక్కువవుతుంది, దాని వాసన అచ్చం అలాగే ఉంటుంది. పాతబడిన రీస్లింగ్‌లో ఈ వాసనని వన్నెగా చెప్పుకునే రసికులు ప్రపంచమంతా ఉన్నారు. బ్యాంకు అక్క కాగితంమీద నాలుగో అంకె పక్కన ఒక్కటే మాట ఉంది. "వద్దు."

ఎవరం ఏమీ అడగలేదు. కాసేపయ్యాక తనే చెప్పింది. 1984లో వాళ్ల పెద్దమ్మ కూతురు అత్తవారింట్లో కాలిపోయింది. స్టవ్ పేలిందన్నారు. ఆసుపత్రిలో దుప్పటి తీసినప్పుడు వచ్చిన వాసన ఇదే. 498ఏ అప్పటికి కొత్తగా వచ్చింది, వరకట్న మరణం అన్న సెక్షను 1986 దాకా రాలేదు. కేసు ఏమీ అవలేదు. "రంగు బాగానే ఉంది. పులుపూ బాగానే ఉంది. కానీ ఇది నాకొద్దు" అంది.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న ఇది: ఆ "వద్దు" విమర్శ అవుతుందా? మనకి నేర్పిన విమర్శ ప్రకారం కాదు. సహృదయుడు తన సొంత గొడవలు పక్కన పెట్టి రసాన్ని ఆస్వాదించాలి. అక్కకి కలిగినది వైన్ గురించిన జ్ఞానం కాదు, ఆమె జీవితం గురించిన సమాచారం అంటారు. నా ఉద్దేశంలో మాత్రం అవుతుంది. ఆమె ముక్కు పొరపడలేదు, కెమిస్ట్రీ టీచరు పట్టుకున్నదాన్నే ఆమె కూడా పట్టుకుంది. ఆ వాసనని వన్నె అనడానికి కిరసనాయిలు కేవలం దీపంలో పోసుకునే వస్తువై ఉండాలి. అలా ఉండగలిగిన జీవితాలనుంచి వచ్చిన రుచిని మనం అందరి రుచి అంటున్నాం. తటస్థమైన నాలుక అని ఎవరైనా చెబుతుంటే, ఆ నాలుక ఏమేం తప్పించుకుని ఇక్కడిదాకా వచ్చిందో అడగాలి. అలాగని టీచరు తీర్పు తప్పూ కాదు. అది బాగా కుదిరిన వైనే. రెండు తీర్పులూ ఆ బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి, రెంటికీ కారణాలున్నాయి, ఇద్దరూ స్నేహితురాళ్లుగానే ఉన్నారు.

నెల్లూరు స్నేహితురాలు అంతసేపూ గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని తాగకుండా తిరిగి ఇచ్చేసింది. నాలుగింటిలో ఏది ఎక్కువ ఘాటో వాసనతోనే వరస చెప్పింది. సీసాలమీద అంకెలు చూస్తే ఆమె వరస సరిపోయింది. "మేం తిరిగిన ఊళ్లలో ప్రతి ఆడమనిషికీ ఈ విద్య వచ్చు. మొగుడు గుమ్మంలోకి రాగానే ఏం తాగాడో, ఎంత తాగాడో, పిల్లల్ని పక్కింటికి పంపాలో వద్దో వాసనతోనే తెలవాల. తెలవకపోతే దెబ్బలు" అంది. ఇంకా ఇలా అంది: "మేం అప్పుడు మందు రుచి గురించి మాట్లాడలేదమ్మా. ఇంట్లో బియ్యం గురించి మాట్లాడాం. కానీ అదీ తీర్పే. ఇది మా ఊళ్లో వద్దు అని ఆడవాళ్లు తీర్పు చెప్పారు, మొదటిసారి."

ఆమె మాటతో నాకు సారా ఉద్యమానికీ ఈ గ్లాసులకీ మధ్య విరోధం ఉందన్న అనుమానం తీరింది. ఉద్యమం మద్యాన్ని ఎదిరించిందని చెప్పడం సులువు. అది అంతకంటే పెద్దదాన్ని ఎదిరించింది. ఇంట్లోకి ఏది రావాలో, ఏది రాకూడదో చెప్పే నోరు ఎవరిదన్న ప్రశ్నని దూబగుంట ఆడవాళ్లు లేవనెత్తారు. "బాగుంది" అనే హక్కూ, "వద్దు" అనే హక్కూ ఒకే హక్కుకి రెండు కొసలు. ఒకటి లేకుండా రెండోది దొరకదు. ఆనందం గురించి మాట్లాడిన ఆడదాన్ని మన సాహిత్యం ఎలా చూసిందో ముద్దుపళని విషయంలో చూశాం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ రాధికాసాంత్వనాన్ని అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఆనందం ఎలా ఉంటుందో చెప్పే నోటిని మూయించినచోట, బాధ ఎలా ఉంటుందో చెప్పే నోటిని కూడా ఎక్కువకాలం తెరవనివ్వరు.

ఇక మన పత్రికల సంగతి. ఆడవాళ్ల పుస్తకాలకి ఆడవాళ్లం రాసే సమీక్షల్ని ఒకసారి వరసగా చదివి చూడండి. చాలావాటిలో ఉన్నది ఆశీర్వచనం. మిగిలినవాటిలో మౌనం. ఒక రచయిత్రి కథని ఇంకో రచయిత్రి కథతో పక్కపక్కన పెట్టి, ఇది పుల్లగా ఉంది, ఇది ఇంకా పులియాలి, ఇందులో తొక్కతో పాటు రంగు కూడా తీసేశారు అని కారణాలతో చెప్పిన సమీక్షలు ఎన్ని? పోలిక అంటే మనకి భయం. ఆ భయం ఊరికే రాలేదు. మనల్ని పోలికకి నిలబెట్టినవాళ్లెప్పుడూ మనకి మేలు చెయ్యలేదు. ఒక ఆడదాన్ని పొగిడేది ఇంకో ఆడదాన్ని తగ్గించడానికే. ఆ పద్ధతి మనం తిరిగి వాడనక్కర్లేదు. కానీ పోల్చడమే మానేస్తే మన పుస్తకాల మంచిచెడ్డలు చెప్పే పని పీటమీద కూర్చున్నాయనకే మిగులుతుంది. ఆయన మళ్లీ "కాస్త..." అని సగంలో ఆపేస్తాడు.

ముందుమాటల విషయం కూడా ఆలోచించాలి. కొత్త కవయిత్రి పుస్తకం తెరిస్తే మొదటి పది పేజీలు ఎవరో పెద్దాయన మాటలు. ఆమె కవితకంటే ముందు ఆమె గురించిన తీర్పు మన నోట్లో పడుతుంది. ఒక సంకలనాన్ని సమీక్షకి తీసుకున్నప్పుడు ముందుమాటలకీ, వెనక అట్టకీ, రచయిత్రి పేరుకీ కాగితం చుట్టేసి చదివితే ఎలా ఉంటుంది? ఇద్దరో ముగ్గురో విడివిడిగా రాసి, తర్వాత కలిసి కూర్చుని, తేడా వచ్చినచోట ఆ తేడా ఎందుకొచ్చిందో అదే సమీక్షలో అచ్చు వేస్తే ఎలా ఉంటుంది? ఒకరికి గొప్పగా తోచిన చోట ఇంకొకరు "వద్దు" అన్నారంటే, ఆ వద్దు వెనక ఏ కులం, ఏ ఊరు, ఏ ఆసుపత్రి గది ఉందో చెప్పడానికి ఒక పేరా చాలు. అప్పుడు పాఠకురాలికి తీర్పు ఒకటే దొరకదు. ఆ తీర్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లు దీన్ని శాస్త్రీయం కాదనొచ్చు. శాస్త్రీయత పేరున మనం ఇన్నాళ్లూ నేర్పింది పండు తినేవాడి శాస్త్రాన్ని. కోసిన చేతికీ, ఉప్పు చూసిన చేతికీ, చెట్టు పేరు చెప్పగలిగిన అమ్మమ్మకీ, గుమ్మంలో వాసన పట్టిన ఇల్లాలికీ కూడా ఒక శాస్త్రం ఉంది. దాన్ని సేకరించాలి. పరిభాష వాళ్ల దగ్గరే ఉంది. ఈ వ్యాసం చదివినవాళ్లలో కనీసం ఇద్దరైనా, రాబోయే సంచికకి, రెండు కొత్త కథా సంపుటాల్ని ఇలా పక్కపక్కన పెట్టి చదివి రాయమని కోరుతున్నాను. ఒకరి తీర్పు ఒకరికి చూపించుకోకుండా రాయండి. కుదరకపోతే కుదరలేదనే రాయండి, అదీ వేసుకుందాం.